చూరుబండ కింద దుమ్ము

శుక్రవారం తెల్లారిందంటే మా అత్త ఎర్రమన్ను నానబెడుతుంది. వాకిలి అలికి ముగ్గేయడం మా ఊళ్ళో అందరిళ్ళలోనూ ఉన్నదే. మా అత్త అంతటితో ఆగదు. చీపురూ బకెట్టూ తీసుకుని కొట్టం వెనక్కి పోతుంది. మనిషన్నవాడు నడవని ఆ గోడ కింద కూడా పేడ కలిపి అలికి, చిన్న ముగ్గు పెట్టి, నడుం పట్టుకుని లేస్తుంది. లేస్తూ, "ఆ పెద్ద సారు మళ్ళా ఎప్పుడొస్తాడో ఏమో, వచ్చేటప్పటికి గోడ బోసిగా ఉండకూడదు గదమ్మే" అంటుంది. నేను "అవునత్తా" అంటాను. ఆ మాట అనేటప్పుడు నేను ఆమె వైపు చూడను.

ఆ గోడ కింద ఒకప్పుడు ఏముండేదో చెప్తాను.

మాది డోన్ దగ్గర పల్లె. ఎటు తవ్వినా బండలే. ఇళ్ళు కూడా బండలవే, గోడకు బండ, నేలకు బండ, పైకప్పుకు బండ. మా పశువుల కొట్టం వెనకగోడకు పైనుంచి ఒక పెద్ద బండ చూరులాగా బయటికి పొడుచుకొచ్చి ఉంటుంది. దాని కింద వాన పడదు. ఎంత గాలివాన అయినా ఒక్క చుక్క పడదు. దానికి అడ్డంగా మా మామ ఉన్ననాడే పగిలిన బండలు నిలబెట్టి పెట్టారు, ఎప్పుడైనా పనికొస్తాయని. పనికొచ్చింది లేదు. ఆ బండలకూ గోడకూ మధ్య జానెడు వెడల్పున సందు. కోడి దూరదు, చీపురు పోదు. అందులో ఏళ్ళ తరబడి దిగిన దుమ్ము, మా పెళ్ళిళ్ళలో మొహానికి రాసుకునే పౌడరు కన్నా మెత్తగా ఉండేది.

ఆ దుమ్ములో గుంటలు. గరాటు ఆకారంలో చిన్న చిన్న గుంటలు. అడుగున పురుగు ఉంటుంది. చీమ జారి పడితే కిందనుంచి దుమ్ము ఎగజిమ్మి లాక్కుంటుంది. చిన్నప్పుడు మేమందరం ఆడుకున్నవే. పుల్లతో కదిలిస్తే చీమ పడిందనుకుని పైకొచ్చేది. గుంటపురుగు అనేవాళ్ళం, అంతకుమించి దానికో పేరు ఉండొచ్చని అనుకోలేదు.

ఒక ఎండాకాలం డోన్‌లో బస్సు కోసం నిలబడి ఉంటే, ఒక అమ్మాయి పక్కనున్న ఆడవాళ్ళని అడుగుతోంది, మీ ఊళ్ళలో గోడల కింద పొడి దుమ్ములో ఇట్లాంటి గుంటలుంటాయా అని. ఫోనులో బొమ్మ చూపిస్తోంది. ఎండకు మొహం కమిలిపోయి ఉంది. భుజాన సంచి, చేతిలో టీ వడగట్టే జల్లెడ. వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వారు. నేను బొమ్మ చూసి, "మా కొట్టం ఎనక శానా ఉండాయి, రా" అన్నాను. అంతే. ఆమె నాతోబాటు బస్సెక్కింది.

కడపలో చదువుతోందట. ఈగల మీద పరిశోధన. ఇంటికి తీసుకొచ్చి ఆ మాట చెప్పగానే మా ఇంటాయన పకపకా నవ్వాడు.

"ఈగలు సూసేకి కడప నుంచి మా ఊరికి రావల్లా పాపా? బెల్లం అంగడికాడ నిలబడుకుంటే గంపకెత్తుకోవచ్చు గదా!"

"ఆ ఈగలు అందరిండ్లలో ఉంటాయిలేన్నా. నాకు కావాల్సింది మీ ఇంట్లోనే ఉన్నట్టుండాది" అంది ఆ పాప.

ఆ మాటకు మా అత్త వంటింట్లోనుంచి లేచి వచ్చింది. "ఏం మాట్లాడ్తాండావు పాపా? నా ఇంట్లో ఈగలా? పొద్దన్నే కసువు ఊడ్సి, నీళ్ళు సల్లి, గిన్నె మీద మూత తీయకుండా ఉంటాను నేను. ఊర్లో ఎవురినైనా అడుగుపో!"

ఆ పాపకు అర్థమయ్యేసరికి కాసేపు పట్టింది. తర్వాత అత్త చెయ్యి పట్టుకుని, "నీ ఇల్లు అద్దం మాదిరుండాది అవ్వా. నేను ఎదుకుతాండే ఈగ కసువులో ఉండేది కాదు" అని బుజ్జగించింది. ఆ రోజు మా అత్త ఆమెకు జొన్నరొట్టె, వంకాయ కూర పెట్టింది. రెండో రొట్టె వద్దంటే ఊరుకోలేదు. అప్పటినుంచి ఆ పాప మా ఇంటి మనిషి అయిపోయింది. ఊరు మాత్రం ఈగల మేడమ్ అని పేరు పెట్టింది.

బండల సందు ముందు బోర్లా పడుకుని, చెయ్యి లోపలికి చాచి ఆ పాప జల్లెడతో దుమ్ము తీసి, నా అరచేతిలో ఒక పురుగు పెట్టింది. నేను చిన్నప్పుడు చూసింది కాదది. మామూలు గుంటపురుగు పొట్టిగా, లావుగా, ముందు రెండు కొడవళ్ళతో ఉంటుంది. వెనక్కి నడుస్తుంది. ఇది సన్నగా దారప్పోగులాగా ఉంది. కాళ్ళు లేవు. కొడవళ్ళు లేవు. చేతిలో వేస్తే చచ్చినట్టు పడుకుంది. కాసేపుండి పాములాగా మెలి తిరిగింది. ఇన్నేళ్ళూ ఒకే రకం గుంట అనుకున్నదాంట్లో రెండు రకాల పురుగులు కాపురం ఉన్నాయన్నమాట.

"మొదటిది పెద్దదయితే తూనీగ మాదిరి రెక్కల పురుగు అవుతాదక్కా. ఇది ఈగ అవుతాది. రెండిటికీ సుట్టరికమే ల్యాదు. దోవ మాత్రం ఇద్దరూ ఒకటే పట్టినారు, గుంట తోడుకోని కూర్చునేది."

నాకు చదువు అయిదో తరగతితో సరి. కానీ ఎవరింటి ఆడపిల్ల ఎవరింట్లో మెట్టింది, ఎవరికి ఎవరు ఏమవుతారు అనేది మా చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ నోటికి చెప్పగలను. సంబంధాలు చూసేవాళ్ళు ముందు నా దగ్గరికే వస్తారు. అందుకేనేమో ఆ పాప చెప్పింది నాకు ఇట్టే తలకెక్కింది. ఈగలదీ అదే లెక్కట. ఈగల వంశం మహా పెద్దది. దోమ కూడా అందులోదే. అందులో ఇంటిపేర్లు బోలెడు. ఒక్కో ఇంటిపేరుకు ఊళ్ళకు ఊళ్ళు జనం. ఈ దుమ్ములో కూర్చునే ఈగల ఇల్లు మాత్రం గుప్పెడంత. లోకం మొత్తం మీద ఎక్కడో ఒకటి, ఎక్కడో ఒకటి, ఎండిపోయిన చోట్ల. ఈగగా మారాక బతికేది కొద్దిరోజులే, అందుకని కంటపడవు. మన దేశంలో వాటిని పట్టుకుని చూసినవాళ్ళు తక్కువట. మా గోడ కిందిది ఎవరూ చూడనిది కావచ్చని ఆ పాప అనుమానం.

"పురుగు సేతిలోనే ఉండాది గదా. ఇంకేంది అనుమానం?" అని అడిగాను.

"పురుగుగా ఉన్నప్పుడు అన్నీ ఒకటే మాదిరి ఉంటాయక్కా. రెక్కలొచ్చినాంక సూడాల. రెక్కలో నరాలు ఎట్ల పోతాండాయి, మూతి పొడుగా పొట్టా, మగదాని తోక కొస ఎట్లుండాది, అన్నీ సూసి అప్పుడు చెప్పాల ఇది ఫలానా అని."

మా అత్త చాటలో జొన్నలు చెరుగుతూ, "అవునుమ్మే. పుట్టినప్పుడు ఎవురి బిడ్డైనా ఒకటే మాదిరి ఉంటాది. మీసాలొచ్చినాంక గదా తాత పోలికో మామ పోలికో తెలిసేది" అంది. ఆ పాప ఎంత నవ్విందో! నవ్వుతూ, "నీ మాట మా సారుకు చెప్తానవ్వా" అంది.

పేరు పెట్టడానికి ఒక కట్టుబాటు ఉందట. కొత్త ఈగకు పేరు పెడితే, ఆ పేరుకు సాక్షిగా ఒక నిండు ఈగను సూదికి గుచ్చి పెట్టెలో భద్రం చేయాలి. వందేళ్ళ తర్వాత ఎవరికి అనుమానమొచ్చినా ఆ సాక్షిని తీసి చూస్తారు. ఈ ఈగల్లో ఆడదాన్ని బట్టి తేల్చలేరు, మగదే కావాలి. గుర్తులు దాంట్లోనే ఉంటాయి. సాక్షి లేకపోతే పేరు నిలవదు. ఆ పాపకు కావాల్సింది ఆ ఒక్క మగ ఈగ. "పేరు పెడితే మీ ఊరి పేరే కలిపి పెడ్తానక్కా" అని నాకు మాటిచ్చింది. ఆ మాట ఎవరితోనూ అనలేదు కానీ, ఆ వారమంతా నాకు కాళ్ళు నేల మీద నిలవలేదు. మా ఊరి పేరు బస్సు బోర్డు మీద కూడా ఉండదు మరి.

మొదటి ఏడు కొన్ని పురుగుల్ని దుమ్ముతో సహా డబ్బాలో పెట్టుకుని కడపకు పోయింది. చీమలు పట్టి తెచ్చి వాటికి వేస్తూ, మళ్ళీ ఎండాకాలం దాకా సాకింది. ఒక ఆడ ఈగ బయటికొచ్చింది. మగది కూడా వచ్చిందట, కానీ సెలవులకు ఇంటికి పోయినప్పుడు వచ్చింది. తిరిగొచ్చి చూస్తే డబ్బాలోకి చీమలు దూరి దాన్ని తినేసి ఉన్నాయి. రెండు రెక్కలు మిగిల్చాయి. బతుకంతా చీమల్ని తిన్న పురుగు కదా, చీమలు ఊరుకుంటాయా! ఫోనులో ఈ సంగతి చెప్పి ఆ పాప ఏడ్చింది. ఏడుస్తూనే, "ఆ రెక్కల్లో నరాలు ఇదివరకు తెలిసిన ఏ ఈగతోనూ కలవడం లేదక్కా. ఇది కొత్తదే" అంది.

ఈసారి డబ్బాలొద్దు, వాటి దుమ్ములోనే వాటిని ఉండనిద్దామనుకుంది. తొలకరికి ముందు, ఎండలు ముదిరినప్పుడు రెక్కలొస్తాయని తేలింది కదా, మరుసటి ఏడు ఆ సమయానికి వచ్చి, గోడ వెంబడి చిన్న చిన్న గుడారాల్లాగా దోమతెర గుడ్డ కప్పి పోయింది. ఈగ బయటికొస్తే తెరలో చిక్కుతుంది. రోజూ పొద్దున ఒకసారి చూసి ఆమెకు ఫోనులో బొమ్మ పంపడం నా పని. ఇంకా ఏమీ రాలేదు. కానీ గుంటలు మాత్రం ఒక్కొక్కటే పూడిపోతున్నాయి. లోపల పురుగు గూడు కట్టుకుంటే గుంట చెదిరిపోతుందని, అది మంచి గుర్తని ఆమె చెప్పింది.

సరిగ్గా అప్పుడే నందికొట్కూరులో మా అక్క మెట్ల మీద జారి కాలు విరగ్గొట్టుకుంది. చూసుకునేవాళ్ళు లేరు. పోక తప్పలేదు. బొమ్మలు పంపే పని మా ఇంటాయనకు అప్పజెప్పాను. ఆయన రోజు మార్చి రోజు పంపాడు, అందులో సగం ఆయన బొటనవేలు బొమ్మలే.

ఒకరోజు ఆ పాప నాకు ఫోను చేసింది. గొంతులో సంతోషం. వాళ్ళ పెద్ద సారు, ఇలాంటి ఈగల గురించి తెలిసిన కొద్దిమందిలో ఒకాయన, దూరం నుంచి కడపకు వస్తున్నాడట. ఆదివారం మా ఇంటికి తీసుకొస్తుందట. ఆ స్థలం ఆయన కళ్ళారా చూడాలట. నేను వెంటనే ఇంటికి ఫోను చేసి అత్తకు చెప్పాను.

"పెద్ద సారు వస్తాన్నాడంట అత్తా. మన కొట్టం గోడ సూసేకే వస్తాన్నాడంట."

"మన గోడ సూసేకా? అంత పెద్దాయనా?" అంది. మళ్ళీ తనే, "సరేలే. నువ్వు ఆదివారం పొద్దన్నకే వచ్చేయ్. పప్పు బెల్లం పెట్టి ఓళిగలు చేస్తాను" అంది.

ఆదివారం తొలి బస్సుకు కర్నూలు వచ్చి, అక్కడినుంచి డోన్, డోన్ నుంచి ఆటో. ఇంటి సందు మలుపు తిరగ్గానే వాసన తగిలింది. పచ్చిపేడ, తడిసిన ఎర్రమన్ను వాసన. పండగనాడు నాకు ఎంతో ఇష్టమైన వాసన. వాకిట్లో ముగ్గు చూశాను. దేవళంలో కూడా అంత ముగ్గు వేయరు. అత్త కొత్త చీరలో ఎదురొచ్చింది. "రామ్మే రా, ఎనక చూద్దువు రా" అని చెయ్యి పట్టి లాక్కుపోయింది.

మా మామ నిలబెట్టిన బండలు అక్కడ లేవు. కూలీలను పెట్టి తీయించింది. గోడకు సున్నం. కింద దుమ్మంతా ఎత్తి పోయించి, నీళ్ళు కొట్టి, ఎర్రమన్ను పేడ కలిపి నున్నగా అలికించింది. దాని మీద గోడ పొడుగునా ముగ్గు, మధ్య మధ్య బంతిపూలు. దోమతెరలు ఉతికి, ఆరేసి, మడతపెట్టి, పూజగూటి పక్కన పెట్టింది.

 "తెరలు ఎందుకు తీసినావత్తా?" అన్నాను.

"దుమ్ము కొట్టుకుపోయినాయిమ్మే. ఆ పాప మనింటి బిడ్డ, దుమ్ములో కూర్చుంటాది, పండుకుంటాది. ఆ పెద్దాయన పండుకుంటాడా? మన గోడ సూసేకి అంత దూరం నుంచి వస్తాంటే దుమ్ము చూపిస్తామా? ఆ పాపకు తలకొట్టేసినట్టు కాదా, వాళ్ళ సారు ముందర?" అంది. "పురుగులదేముందిలే, ఆ పాప మొదట్లోనే డబ్బాలో పట్టుకోని పోయింది గదా."

ఆమె చేతులు చూశాను. వేళ్ళ సందుల్లో ఎర్రమన్ను ఇంకా పోలేదు. కూలీలు సరిగ్గా అలకలేదని రెండోసారి తనే అలికిందట, ఆ మోకాళ్ళతో. ఆ పాప పరువు కాపాడాలని! మా ఇంటికి ఎవరైనా వస్తున్నారంటే మాకు తెలిసిన మర్యాద ఒక్కటే, వాళ్ళు అడుగు పెట్టే నేలను అలికి పెట్టడం. ఆ మర్యాదలో ఆమె ఏ లోటూ చేయలేదు. 

వాళ్ళ కారు అప్పటికే వచ్చేసింది.

ఆ పాప చేతిలో గాజు సీసాలు, జల్లెడ. సారును ముందు పెట్టుకుని, గలగలా మాట్లాడుతూ కొట్టం పక్కనుంచి వచ్చింది. మలుపు దగ్గర మాట ఆగిపోయింది. ఆమె మొహం వైపు చూడలేక నేను ఆ సారు కాళ్ళు చూస్తూ ఉండిపోయాను. ఆయన తలనెరిసిన మనిషి. గోడ చూశాడు, పాప మొహం చూశాడు, మా అత్తను చూశాడు. బూట్లు విప్పి పక్కన పెట్టి, ముగ్గు తొక్కకుండా అంచు వెంబడి నడిచి, గోడ దగ్గర నిలబడ్డాడు.

"ఎంత చక్కగా అలికారమ్మా" అన్నాడు.

మా అత్త మొహం వెలిగిపోయింది. ఆ పాప మెల్లగా కూర్చుని, ఎర్రమన్నును వేలితో తాకి చూసింది.

"తడి ఉండాది పాపా, గుడ్డలకు అంటుతాది. ఉండు, పీట తెస్తా" అంది అత్త. పీట తెచ్చి వేసి, "బాగుండాదా?" అని అడిగింది.

ఆ పాప పీట మీద కూర్చుని తలెత్తింది. "శానా బాగుండాదవ్వా" అంది.

అన్నం దగ్గర సారు ఓళిగలు మళ్ళీ అడిగి వేయించుకున్నాడు. ఆ పాప కూడా తింది. మా ఇంటాయనకు మాత్రం అప్పుడు వెలిగి, "అరె, ఆ పురుగులు..." అని మొదలుపెట్టబోతే, ఆ పాప నీళ్ళచెంబు అందిస్తున్నట్టు వంగి, "అన్నా, ఇంకో ఓళిగ ఏసుకో" అంది. ఆయన తలొంచుకుని ఓళిగ వేసుకున్నాడు.

ఎత్తిపోసిన దుమ్ము ఏమైందని తర్వాత నేనూ ఆ పాపా ఇద్దరం కనుక్కున్నాం. దిబ్బలో పోసి, పైన పేడనీళ్ళు కుమ్మరించారట. ఆ పాప దిబ్బ ముందు చాలాసేపు కూర్చుని, తడిసి ముద్దయిన మట్టిని జల్లెడలో వేసి విప్పి విప్పి చూసింది. దారప్పోగుల్లాంటివి కొన్ని దొరికాయి. కదల్లేదు. చచ్చినట్టు పడుకోవడం వాటికి అలవాటే కదా అని నేను పాపతో అన్నాను. ఆమె తల అడ్డంగా ఊపింది. కొట్టంలోకి వచ్చాక నా భుజం మీద తల ఆనించి ఏడ్చింది.

"అవ్వకు చెప్పొద్దక్కా" అంది. "ఎప్పుడూ చెప్పొద్దు."

సరేనన్నాను. మా ఇంటాయనతో కూడా అనిపించాను.

ఆ తర్వాత ఆమె మా ఊళ్ళో, చుట్టుపక్కల బండల ఊళ్ళలో తిరగని గోడ లేదు. నేనూ ఆమె వెంట తిరిగాను. మామూలు గుంటపురుగులు ఎక్కడ చూసినా ఉన్నాయి. సన్నటిది దొరకలేదు. ఆమెకు గడువు అయిపోయింది. చదువు ముగించి, ఆ గుప్పెడు ఈగల ఇంటి గురించి రాసి ఇచ్చింది. అందులో మిగతావాటికి పేర్లున్నాయి. మాదానికి ఆడ ఈగ బొమ్మ, రెండు రెక్కల బొమ్మ ఉన్నాయి, పేరు లేదు. మగది దొరికితే అప్పుడు తేల్చాలి అని కింద రాశారట. ఆమె ఇప్పుడు కడపలోనే పిల్లలకు పాఠాలు చెబుతోంది. ఏడాదికోసారి వచ్చి మా అత్త చేతి రొట్టె తిని పోతుంది. వచ్చినప్పుడల్లా మా అత్త కొట్టం వెనక్కి తీసుకుపోయి గోడ చూపిస్తుంది. వచ్చినప్పుడల్లా ఆమె బాగుందవ్వా అంటుంది.

నాకు అర్థమయ్యేది ఇదే. ఆ గోడను మళ్ళీ కొన్నేళ్ళు వదిలేస్తే, దుమ్ము దిగుతుంది. మాకు తెలియని ఏ సందులోనో ఒక ఆడ ఈగ మిగిలి ఉంటే, వచ్చి అక్కడ గుడ్డు పెట్టొచ్చు. వదలమని అత్తకు చెప్పాలంటే ఎందుకో చెప్పాలి. ఎందుకో చెబితే, ఆ ఆదివారం ఆమె మోకాళ్ళ మీద కూర్చుని ఏం చేసిందో ఆమెకు తెలుస్తుంది. ఇంటికొచ్చిన బిడ్డ కష్టాన్ని తన చేతులతోనే అలికేశానని తెలిశాక, మా అత్త మళ్ళీ ఆ పాప మొహం చూడగలుగుతుందా? అందుకని ప్రతి శుక్రవారం పేడ నేనే తెచ్చిస్తాను.

దొడ్డి మూల గడ్డివామి వెనక ఒక బండ కింద కాస్త చోటు నేను వదిలిపెట్టాను. అక్కడ పాముంటుందని అత్తకు అబద్ధం చెప్పాను, చీపురు పట్టుకుని పోకుండా. పోయిన ఎండాకాలం అక్కడ గుంటలు పడ్డాయి. జల్లెడ తెచ్చి, బోర్లా పడుకుని, దుమ్ము తీశాను. అరచేతిలో వేసుకున్నాను.

పొట్టిగా, లావుగా ఉంది. రెండు కొడవళ్ళున్నాయి. వెనక్కి వెనక్కి నడిచి నా వేళ్ళ సందులోనుంచి దుమ్ములోకి జారిపోయింది.

"యాడుండావుమ్మే?" అని అత్త కేకేసింది. "ఎర్రమన్ను నానింది, రా!"

చేతులు దులుపుకుని లేచాను.